ఉప్పు తెలిసిన మూకుడు

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో ఉంటుంది వసుమతి టీచరమ్మ. పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టి, ఇనప మూకుడుకి బొట్టు పెడితే గానీ స్టవ్ ముట్టించదు. ఆ మూకుడు ఆమె అత్తగారి అత్తగారిది. వంటలో ఉప్పు కుదిరితే పొయ్యి మీంచి జానెడు పైకి లేస్తుంది. కుదరకపోతే కదలదు. దేవుడికి పెట్టకముందు రుచి చూస్తే ఎంగిలి కదా, అందుకని ఆ ఇంటి ఆడవాళ్లెవరూ నాలుకను నమ్ముకోలేదు. మూకుడు లేవగానే పట్టకారుతో కిందికి లాగి, నైవేద్యం పెట్టడమే. కొత్త కోడళ్లకు మొదట నేర్పేది పట్టకారు పట్టడం.

ఆ శనివారం మూకుడు ముందు నిలబడింది స్వర్ణ. మేడమీద గదిలో కిరాయికి ఉంటుంది. బషీర్‌బాగ్‌లో ఒక జపాన్ హోటల్లో రెండేళ్లుగా గిన్నెలు తోముతూ, వంటవాడి చెయ్యి చూసి యాకిసోబా నేర్చుకుంది. ఆ దేశపు వేయించిన నూడుల్స్ అన్నమాట. నాంపల్లి ఎగ్జిబిషన్‌లో రత్నాకర్ పెట్టే తిండి స్టాల్లో ఒక పొయ్యి ఖాళీగా ఉంది. ఈ పూట తిని చూస్తానన్నాడు. నచ్చితే పొయ్యి స్వర్ణది, లేకపోతే మిర్చిబజ్జీల వెంకటేశానిది.

"ఉల్లి, ఎల్లిగడ్డ వద్దు బిడ్డా. ముందు వెంకన్న దేవునికి పెట్టాలె," అంది వసుమతి.

"ఔ అమ్మమ్మా. అల్లంతోనే చేస్త."

క్యాబేజీ, క్యారెట్ పెద్ద మంట మీద చిటపటలాడాయి. ఉడికించి ఆరబెట్టిన నూడుల్స్ పడ్డాయి. సోయా సాసులో చింతపండు, బెల్లం కలిపిన నల్లటి పులుసు పడింది. స్వర్ణ రెండు చేతులా తిరగేస్తుంటే వసుమతికి ముచ్చటేసింది. ఆ ముచ్చటలో, నలభై ఏళ్ల అలవాటు కదా, డబ్బాలోంచి చేతికొచ్చినంత ఉప్పు తీసి చల్లేసింది.

"అయ్యో! ఏంది అమ్మమ్మా గిట్లా చేస్తివి? ఆ సాసే ఉప్పు కషాయం!"

మూకుడు పొయ్యికి అతుక్కున్నట్టు కూర్చుంది. అప్పుడే వాకిట్లో రత్నాకర్ గొంతు వినపడింది.

"నమస్తే టీచరమ్మా! జర జల్ది పెట్టున్రి, వెంకటేశం ఎదురుచూస్తున్నడు."

"కూర్చోరా. ఎక్కాలు అప్పజెప్పేటప్పుడూ నీకు జల్దే. పన్నెండో ఎక్కం ఇప్పటికన్నా వచ్చిందా?"

రత్నాకర్ చెప్పులు విడిచి, బుద్ధిగా పీట మీద కూర్చున్నాడు.

"ఇంక నూడుల్స్ లెవ్వు అమ్మమ్మా," అంది స్వర్ణ, కళ్లనిండా నీళ్లతో.

"ఉప్మా సేమ్యా ఉంది కదనే!"

"జపానోళ్లు ఏమంటరు?"

"వాళ్లేమన్న తిననీకి వస్తున్నరా?"

సేమ్యా ఉడికించి కలిపారు. మిగిలిన క్యాబేజీ అంతా తరిగి వేశారు. వసుమతి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గోవిందనామాలు చదువుతూ నిలబడింది. స్వర్ణ నిమ్మకాయ పిండింది.

మూకుడు వణికింది. వేలెడు లేచింది. జానెడు లేచింది. ఇద్దరూ పట్టకారు కోసం వెతుక్కునేలోపే దేవుడి గదిలోకి వెళ్లి, కాసేపు ఆగి, పొగలు కక్కుకుంటూ రత్నాకర్ ముందుకొచ్చింది. అతను లోపలికి గరిట పెట్టి తనే వడ్డించుకున్నాడు. తిన్నాడు. మళ్లీ వడ్డించుకున్నాడు.

"వెంకటేశానికి వేరే జాగా చూపిస్త," అన్నాడు నిండు నోటితో.

మూకుడు మాత్రం వంటింట్లోకి తిరిగి రాలేదు. మూడు తరాలుగా గడప దాటనిది, ఇవాళ దాటి సందులోకి సాగింది.

వసుమతి దానివైపు ఒకసారి చేతులు జోడించింది. స్వర్ణ నుదుట కుంకుమ పెట్టి, పట్టకారు చేతికిచ్చింది.

"మరి నీకు అమ్మమ్మా?"

"నాకు కుక్కర్ ఉంది లే. నువ్వు ఉరుకు."

రత్నాకర్ స్కూటర్ తీశాడు, స్వర్ణ పట్టకారుతో వెనక ఎక్కింది. చౌరస్తాలో ఎర్ర లైటు పడింది. ఆటోల మధ్య మూకుడు ఆగి ఉంది, నాంపల్లి వైపు తిరిగి.