సుజన చిటికెన వేలు

పొద్దున్నే మొగుడితో పాటు ఎరువుల షాపు తెరిచి, బస్తాల మీద దుమ్ము దులిపి, మధ్యాహ్నం ఇంటికొచ్చి అత్తకు అన్నం పెట్టి, మూడింటికి గిటార్ భుజాన తగిలించుకుని బైరాగిపట్టెడలో ఏకాంబరం సార్ మేడ ఎక్కుతుంది సుజన. కొడుకు వారం రోజులు వాయించి మూలన పడేసిన గిటార్ అది. నాలుగేళ్ళుగా ఆమెదే.

చంద్రగిరిలో ఒక బడికి గిటార్ టీచరు కావాలన్నారని, తన దగ్గర నేర్చుకునేవాళ్ళలో ఒకరిని పంపుతానని సార్ చెప్పిన రోజు నుంచి సుజనకు అదే ధ్యాస. పద్దెనిమిదేళ్ళుగా యూరియా వాసన పీలుస్తున్న మనిషి మరి.

అడ్డం జాహ్నవి. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, చేరి ఏడాది. చూపుడువేలు గిటార్ మెడ మీది మూడో గడిలో, అంటే మూడో ఫ్రెట్ మీద, చిటికెన వేలు ఏడో ఫ్రెట్ మీద పెట్టి పట్టాల్సిన నైన్త్ కార్డ్ అనే స్వరాల కూర్పును, కబుర్లు చెప్తూ పూలు కట్టినంత సులువుగా పట్టేస్తుంది.

సుజన వేళ్ళు పొట్టివి. అయితే ఎవరి మీదైనా అసూయ పుడితే ఆమె ఎడమచేతి చిటికెన వేలు పెరుగుతుంది. చెల్లెలికి పట్టుపావడా కుట్టించిన రోజు బియ్యపుగింజంత, తోడికోడలు చిత్తూరులో ఇల్లు కట్టిన రోజు చింతగింజంత. కడుపుమంట చల్లారాక మళ్ళీ మామూలే.

"ఈరోజు ఎవురి మింద పడింది మే నీ కన్ను?" అంటుంది అత్త వరదమ్మ, అన్నం కలుపుకుంటూ.

"ఎవురి మిందా లేదత్తా."

"లేకనేనా, వేలు మునక్కాయ మాదిరి ఉండాది!"

సార్‌కూ, అక్కడ నేర్చుకునేవాళ్ళకూ ఈ సంగతి తెలుసు. అందుకే సార్ క్లాసులో ముందు జాహ్నవి చేత వాయింపించేవాడు, వెనకాలే సుజన చేత. ఆ పిల్ల వాయించడం చూశాక సుజన వేలు ఏడో ఫ్రెట్ దాకా తేలిగ్గా పోయేది.

ఆదివారం సార్ మేడ మీదే పరీక్ష అన్నారు బడివాళ్ళు. శుక్రవారం జాహ్నవి లీలామహల్ దగ్గర స్కూటీ మీది నుంచి పడింది. ఆదివారం పొద్దున విరిగిన ఎడమచేతికి పుత్తూరు కట్టు కట్టించుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది. బడి హెడ్‌మిస్ట్రెస్ చంద్రకాంతమ్మ సుజన వైపు చూసి, "ఈమె వాయిస్తే ఈమెనే తీసుకుంటాం. లేదంటే మద్రాసు నుంచి పిలిపిస్తాం" అంది.

కట్టు చూడగానే సుజనకు అయ్యో అనిపించింది. కొంప ముంచింది ఆ జాలే. వేలు ముడుచుకుపోయింది. నైన్త్ కార్డ్ దగ్గర గోరంత దూరంలో ఆగిపోయి, తీగ బుర్రుమంది.

"ఇంకోసారి సూడమ్మా" అన్నాడు సార్.

మళ్ళీ బుర్రుమంది. తోడికోడలి ఇల్లు తలుచుకుంది. చెల్లెలి పట్టుపావడా తలుచుకుంది. పాత మంటలకు వేలు కదల్లేదు. చంద్రకాంతమ్మ గడియారం చూసుకుంది.

జాహ్నవి నీళ్ళ సీసా ఇచ్చే నెపంతో లేచొచ్చి, సుజన చెవి దగ్గర వంగింది.

"ఊరికే కష్టపడొద్దక్కా. నా కట్టు ఇప్పేదాకానే నిన్ను పెట్టుకుంటారంట. ఆనక ఆ పోస్టు నాదే. మేడమ్ నిన్ననే మా నాయనకు ఫోన్ జేసి చెప్పినారు."

సుజన చెవులు వేడెక్కాయి. వేలు ఏడో ఫ్రెట్ దాటి ఎనిమిదో దాని మీదికి పోతే వెనక్కి లాక్కోవాల్సి వచ్చింది. పాట మొదటి నుంచి చివరిదాకా ఒక్క తీగా తప్పకుండా వాయించింది.

"రేపటి నుంచి రండి" అంది చంద్రకాంతమ్మ.

మెట్ల మీద జాహ్నవిని పట్టుకుంది సుజన. "ఏం మే, నీ పోస్టుకు నేను కాపలా కాయాల్నా? ఎన్నాళ్ళు?"

"యాడి పోస్టక్కా? ఆమె మొగం ఈరోజే సూస్తా ఉండా."

"మరి ఫోన్ జేసిందంటివే?"

"వేలు అందక అల్లాడతా ఉంటివి. ఏం జేసేది?" అని నవ్వి, కట్టున్న చెయ్యి గుండెకు ఆనించుకుని మెట్లు దిగిపోయింది జాహ్నవి.

సుజన గిటార్ భుజాన సర్దుకుంది. కట్టు తన చేతికి ఉండుంటే, ఆ పిల్ల వేలు అందక అల్లాడుతుంటే, తను కుర్చీలో కదలకుండా కూర్చుని చూసేది. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. పొడుగు వేళ్ళు చాలవన్నట్టు, దీనికి అంత మంచి గుణం కూడానా?

వేలు ఇంకో గింజంత పెరిగింది.

మర్నాడు చంద్రగిరి బస్సెక్కేటప్పటికీ తగ్గలేదు. జాహ్నవి కట్టు విప్పేసి, మళ్ళీ గిటార్ పట్టిన నాటికీ తగ్గలేదు.