అమ్మ ఆపిన కుక్కబండి

నా కూతురు జుస్తీనను నేను "అమ్మా" అంటాను. ముద్దుకు కాదు. మా అమ్మ పోయిన నెలకే పుట్టింది, ఆ పేరే పెట్టాం. పేరుతోపాటు మనిషీ తిరిగొస్తుందని మా గ్రీన్‌లాండ్‌లో నమ్మకం. అందుకే పద్దెనిమిదేళ్ల ఆ పిల్ల ఊరందరి ముందూ నన్ను "ఒరేయ్ మనాసే" అంటుంది. నేను ఎదురు చెప్పబోతే మా ఆవిడే నవ్వుతుంది.

ఆ వసంతంలో నేనూ జుస్తీనా కుక్కబండెక్కి, గడ్డకట్టిన సముద్రం మీదుగా నేషనల్ పార్కుకు వేటకు బయల్దేరాం. మా ఊరి వేటగాళ్లకు అక్కడ వేటాడే హక్కుంది. అబ్బ, ఏం పరుగు! మంచుపొడి ముఖాన కొడుతోంది, కుక్కలు ఒకటే అరుపులు. ముందు తాడున కాయా, జుస్తీన పాలు పట్టి పెంచిన కుక్క. నా కడుపుమంటంతా దాని మీదే. పోయిన రెండు వేటల్లోనూ దారి మధ్యలో మొరాయించింది.

"ఈసారి ఆగిందో, తిరిగెళ్లగానే మన పక్కింటి కార్లాగాడికి ఇచ్చేస్తా," అన్నాను.

"వాడు దానికి తిండి పెడతాడా? మాడ్చి చంపుతాడు!" జుస్తీన కళ్లలో నీళ్లు తిరిగాయి.

పార్కు కొండలు దగ్గరపడ్డాయి. ఒడ్డున నల్లగా ఏవో కదిలాయి. కస్తూరి ఎద్దులు! మందకు మంద! నా గుండె గంతులేసింది. కుక్కలకూ వాసన తగిలింది, బండి గాల్లో తేలిపోయింది.

"పదండ్రా, పదండి!"

కాయా ఠక్కున ఆగి కూర్చుంది. వెనకవి దాని మీద పడి తాళ్లన్నీ చిక్కుపడ్డాయి.

"దొంగముండా! నోటికాడి కూడు పడగొడతావా!" కొరడా పట్టుకుని దూకాను.

"ఆగరా మనాసే!" జుస్తీన అడ్డం వచ్చింది. "మీ అమ్మను చెప్తున్నా. కాయా ఊరికే ఆగదు. ముందు కర్రతో పొడిచి చూడు."

అమ్మ మాట ఎలా దాటను? ఒళ్లు మండుతున్నా, కాయా ముక్కు ముందు ఇనుప మొన కర్రతో పొడిచాను. సర్రున దిగిపోయింది. పైన పలచని మంచు తెట్టు, కింద నల్లటి నీళ్లు.

కొరడా పారేసి కాయా పక్కనే కూర్చున్నాను. అది నా చెయ్యి నాకింది, వెధవది.

"కాయా మనింట్లోనే ఉంటుందమ్మా," అన్నాను.

జుస్తీన వచ్చి నా భుజం పట్టుకుంది.

"కాసేపు అమ్మా అనకు నాన్నా. భయమేసింది."

పుట్టాక అదే మొదటిసారి ఆ పిల్ల నన్ను నాన్నా అనడం. గట్టిగా పొదువుకున్నాను. కాయా మాత్రం అప్పటికే గట్టి మంచు వెతుక్కుని, పక్కకు తిరిగి, ఎద్దుల వైపు తాడు లాగుతోంది.