పరిగె జాడ

చేపల డాక్టరమ్మ పెద్దచేప కడుపుసంచిని కత్తెరతో చీల్చి, లోపలున్నదంతా తెల్లటి పళ్లెంలోకి జార్చింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. ఆమెకు మాత్రం ఎప్పుడూ పళ్లెంలోనే పడింది. పెళ్లినాటికీ అదే పని, జుట్టు నెరిసిన నాటికీ అదే పని. గుమ్మంలో పేగుల బుట్ట దించుతూ చేపలమ్మే అక్క మూతి విరిచింది.

“ఊరంతా కండ అడుగుతారు, నువ్వొక్కదానివే పేగులడుగుతావు. మా పిల్లి నీ మీద పగబట్టిందమ్మా!”

“దానికి తలకాయలు పెట్టక్కా. చెల్లుకి చెల్లు.”

సరస్సు కూడా అంగడేనని ఆమె లెక్క. అక్కడ అరువు లేదు. పాచిని పురుగు తింటుంది, పురుగును పరిగె అనే చిట్టిచేప, పరిగెను పెద్దచేప. ఎవరు ఎవరిని తిన్నారో తెలిస్తే, ఎవరు మిగిలారో తెలుస్తుంది. చిక్కల్లా ఈ నీళ్లలోనే పుట్టి పెరిగిన చారల పరిగెతో వచ్చింది. అది ఏ వలకూ చిక్కి చాలా కాలమైంది. అది లేదని తేలితే, బయటినుంచి తెచ్చిన పెద్దచేప పిల్లల్ని వచ్చే వారం మళ్లీ వదులుతామంది పై ఆఫీసు. ఎక్కడో నాలుగు మిగిలి ఉన్నా, ఇక అసలుకే ఎసరు.

ఫోన్ మోగింది. కూతురు.

“అమ్మా, గుండె పరీక్షకి వెళ్లావా?”

“సాయంత్రం వెళ్తాలేవే.”

“నిన్నా ఇదే పాట.”

“పాట బాగుంటే మళ్లీ పాడతారు,” అని ఫోన్ పెట్టేసి, భూతద్దం మీదికి వంగింది.

పళ్లెంలో ఆవగింజలో సగమంత తెల్లరాయి. చేప చెవిలో ఉండే రాయి. అంచున ఆ నొక్కు చారల పరిగెకు తప్ప ఇంకే చేపకూ ఉండదు. ఇంత చిన్నదంటే ఈ ఏడు పుట్టిన పిల్లది. కడుపు రసానికి ఇంకా అరగలేదంటే, మింగి పూటైనా కాలేదు. పోయిన సరుకే, కొట్టులో సరుకుందని చెప్పింది. ఆమెకు నవ్వొచ్చింది.

“ఈ చేప ఎక్కడ పడిందక్కా?”

“రెల్లు పక్కన, మా తమ్ముడి వలలో. ఏం, ఇంకోటి కావాలా?”

“మీ తమ్ముడే కావాలి. పడవతో సహా.”

రెల్లు దుబ్బుల మధ్య నీళ్లు మోకాలి లోతు. పెద్దచేప ఒళ్లు పట్టనంత ఇరుకు. డాక్టరమ్మ పడవ అంచు మీద నుంచి తొంగిచూసింది. అడుగున బురద కదిలినట్టయింది. బురద కాదు, పిల్లలు. ఒక్కోదాని ఒంటి మీద దారప్పోగంత చార.

ఆమె గొడుగు విప్పి, దాని కర్రను బురదలో గుచ్చింది.

“ఈ గుర్తు దాటి ఎవరూ వల వెయ్యకూడదు, తమ్ముడూ. అందరికీ చెప్పు.”

“మరి ఎండకి మీరేం చేస్తారమ్మా?”

“ఇన్నేళ్లూ లేని ఎండ ఇవాళ కొత్తగా కొడుతుందా?” అని పడవ అంచుకు చెంప ఆనించి పడుకుంది. ఒక చెయ్యి నీళ్లలో వేలాడుతోంది. “ఇంత చిన్న నోట్లో ఏం పడుతుందంటావు? ఏం తిని బతికాయివి?”

“పాచేమోనమ్మా.”

ఆమె మాట్లాడలేదు. తప్పు చెప్పాననుకున్నాడు పడవవాడు.

“దోమపిల్లలా?” అన్నాడు. కాసేపాగి, “పోనీ మీరే చెప్పండి,” అన్నాడు. ఆ తర్వాత గెడ కింద పెట్టి, నీళ్లలో ఉన్న ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నాడి అందలేదు.

పై ఆఫీసువాళ్లు వచ్చి, కళ్లారా చూసి, పెద్దచేప పిల్లల్ని వదలడం మానుకున్నారు. గొడుగును ఎవరూ పీకలేదు. బట్ట వెలిసింది, ఒక పుల్ల విరిగి పక్కకు వాలింది, నీళ్లలో ఉన్నంత మేర కర్రకు పచ్చగా పాచి పట్టింది. చారల పిల్లలు దాని చుట్టూ చేరి, ఆ పాచినే కొరుక్కు తింటున్నాయి.