సుబిరా పడవకి కొత్త ఇంజను

ఇంజను మార్చాక తెరచాప కొయ్య ఉంచాలా, కోసెయ్యాలా అన్న దగ్గరే గొడవ మొదలైంది.

మా పడవ పేరు సుబిరా. లాము దీవిలోని మటొండోని ఊళ్ళో మా మామగారు తన చేత్తో కట్టిన పడవ. ఆయన పోయాక మా ధర్మం ప్రకారం కొడుక్కి రెండు వంతులు, కూతురికి ఒక వంతు వచ్చింది. కొడుకు ఫమావు. కూతురు మీ నానమ్మ మ్వానాతుము. నాకు ఒక్క మేకు కూడా రాలేదు. చుక్కాని మాత్రం మామగారు ఉన్నప్పటి నుంచీ నా చేతిలోనే ఉండేది. అదే ఫమావుకి కంట్లో నలుసు.

ఫమావు పని దూది దూర్చడం. పలకల సందుల్లో కొబ్బరినూనెలో నానిన దూది ఉలితో కొట్టి కొట్టి కుక్కితే, ఇక సముద్రం లోపలికి రాదు. లాములో ఆ పనికి వాడి చేతికి పెద్ద పేరు. నోటికీ పేరే.

పాత ఇంజను చచ్చిపోయింది. పెద్ద ఇంజను, ఏదో పాత లారీలోంచి తీసినది, మొంబాసా నుంచి వచ్చింది. అది దిగిన రోజే ఫమావు బొగ్గుముక్క తీసి కొయ్య మొదట్లో గీత గీశాడు.

"ఇక్కడికి కోసేస్తా. ఇంత ఇంజను పెట్టుకుని ఇంకా గుడ్డ ఎందుకు? కొయ్య ఉన్న చోట సిమెంటు బస్తాలు పడతాయి."

"కొయ్య తీసేస్తే అది పడవ కాదు, తొట్టి," అన్నాను.

"తొట్టి అయితే నీకేం నొప్పి బూను బావా? ఇందులో నీ పలక ఏదో చూపించు. ముద్దు పెట్టుకుంటా."

నేను చేతిలో ఉన్న పానా ఎత్తాను. వాడు ఉలి ఎత్తాడు. మీ నానమ్మ ఒడ్డున చేపలు తోముతోంది. తల ఎత్తకుండానే అంది:

"అన్నా, నీ ఇంజను ఒక్కదానితో ఫాజా రేవుకి చేరు. చేరితే కొయ్య కోసుకో. దారిలో అది ఆగితే మాత్రం కొయ్య జోలికి రాకూడదు. సరేనా?"

"సరే," అన్నాడు ఫమావు. ఊరుకోలేదు, మసీదు అరుగు మీద అందరి ముందూ మళ్ళీ అన్నాడు. ఇక ఆ మాట వెనక్కి పోదు.

నాకు ఆ కొయ్య లేకపోతే ఏమీ లేదు. ఇంజను పడవని ఎవడైనా తిప్పుతాడు. గాలిని చూసి పడవని పోనివ్వడం ఒక్కటే నాకొచ్చిన విద్య.

అయినా పని ఇద్దరం కలిసే చేశాం. ఆటు వచ్చి పడవ బురదలో కూర్చున్నాక, కొబ్బరి దుంగలు మూడు కాళ్ళలా నిలబెట్టి, గొలుసు కట్టి పాత ఇంజను పైకి లాగాం. బోల్టులు తుప్పు పట్టి కదల్లేదు. తలలు కోసేశాం.

"గట్టిగా పట్టుకో, ముసలి మేకలా వణుకుతావేం?"

"నీ కాలు తియ్యి. లేకపోతే అక్కడే ఉంచు, నాకు మంచిదే."

డీజిల్ ట్యాంకు అడుగున నల్లటి ముద్ద పేరుకుని ఉంది. దాన్ని పారేసి, రేకు వెల్డింగు చేయించి కొత్తది పెట్టాం. దాని నుంచి ఇంజనుకి రాగి గొట్టం. కొత్త ఇంజను కూర్చోవడానికి పాత దిమ్మలు చాల్లేదు, బరువు చెక్క తెచ్చి కొత్తవి వేశాం. ఇంతవరకూ నేను ఒక్క తప్పూ పట్టలేదు. వాడూ పట్టనివ్వలేదు.

చివరికి పొగగొట్టం వచ్చింది. వాడు దాన్ని ట్యాంకు పక్కనుంచి తీసుకెళ్ళి, పడవ పక్క పలకకి కన్నం చేసి బయటికి పంపాడు. గొట్టం చుట్టూ సందులో ఏం పెట్టాడనుకున్నారు? నూనె దూది. మా వాళ్ళెవరైనా అదే పెడతారు. పడవలో కన్నం కనిపిస్తే చెయ్యి దానంతట అదే దూది వైపు పోతుంది. పాత ఇంజనుకీ అలాగే ఉండేది. కానీ దాన్ని రేవు దాటేదాకా ఆడించి, గొట్టం వేడెక్కేలోపే ఆపేసి తెరచాప ఎత్తేవాళ్ళం.

"ఇది ఫాజా దాకా మండుతుంది. మధ్యలో రేకు పెట్టు," అన్నాను.

"దూది సంగతి నువ్వు నాకు చెప్తున్నావా?"

"ఇనుము సంగతి చెప్తున్నా."

"చుక్కాని పట్టుకునేవాడివి చుక్కాని పట్టుకో. ఓడిపోతానని భయంగా ఉంటే ఇంట్లో పడుకో."

పానా పెట్టెలో పడేసి ఒడ్డుకి దిగాను. చెప్పినా వినడు.

పోటు నిండుగా ఉన్నప్పుడు మకాండా పాయ దాటాం. పడవ నిండా సిమెంటు. తెరచాప చుట్టి దూలానికి కట్టేసి ఉంది. ముగ్గురమే ఉన్నాం. మా ఇద్దరిలో ఒకరి మాట ఇంకొకరు నమ్మరని మీ నానమ్మ సాక్షిగా వచ్చింది. దక్షిణపు గాలి వెనక నుంచి తోస్తోంది. అంత మంచి గాలి ఊరికే పోతుంటే నాకు కడుపు మండింది. ఫమావు ఇంజను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"విన్నావా బావా? నీ కొయ్య ఏడుస్తోంది."

బయటి నీళ్ళలోకి వచ్చాం. మీ నానమ్మ ముక్కు ఎగబీల్చింది.

"ఇక్కడ మందాజీ బూరెలు ఎవరు వేయిస్తున్నారు?"

కొబ్బరినూనె కాగిన వాసన. తర్వాత పలకల దగ్గర సన్నగా పొగ. ఫమావు బకెట్టుతో నీళ్ళు కొట్టాడు. బుస్సుమంది. కాలిన దూది ముద్దలుగా ఊడిపోయింది. ఆ సందులోంచి అల వచ్చినప్పుడల్లా నీళ్ళు లోపలికి చిమ్మాయి. నీళ్ళు పోగానే మిగిలిన దూది ఎర్రగా రాజుకుంది. పక్కనే డీజిల్ ట్యాంకు.

"ఆపు," అన్నాను.

"నువ్వు ఆపు."

"నేను ఆపితే, ఇంజను ఆగలేదు, బూనుగాడే ఆపాడని ఊరంతా చెప్తావు."

"చెప్తా."

"అయితే కాలిపో."

"నువ్వూ కాలతావుగా!"

"నాకేం, ఇందులో నా పలక ఏదీ లేదుగా."

చుక్కాని వదల్లేదు నేను. వాడు బకెట్టు వదల్లేదు. పలక నల్లబడుతోంది. అప్పుడు మీ నానమ్మ లేచింది. భుజం మీది పైగుడ్డ చేతికి చుట్టుకుని, అన్నని మోచేత్తో తోసి, ఇంజను ఆపే కడ్డీ లాగేసింది.

ఒక్కసారిగా సముద్రం చప్పుడు వినిపించింది.

"ఆపింది నేను. ఊళ్ళో అదే చెప్పండి, గాడిదల్లారా. ఇప్పుడు తెరచాప ఎత్తండి, గాలి మనల్ని రాళ్ళ మీదికి తోస్తోంది."

ఫమావు కుట్టుపని చేసిన తన తెల్ల టోపీ తీసి తడిపి, గొట్టం చుట్టూ కుక్కాడు. తర్వాత మేమిద్దరం ఒకే తాడు పట్టుకుని దూలం పైకి లాగాం. లాగుతున్నంతసేపూ నా తల్లిదండ్రుల్ని వాడు, వాడి గడ్డాన్ని నేను తిట్టుకుంటూనే ఉన్నాం. గుడ్డ విచ్చుకుంది. ఫాజా చేరాం.

రేవులో తాడు కట్టగానే వాడు నా ముందుకి వచ్చాడు. తల మీద టోపీ లేదు.

"కొయ్య ఉంటుంది. అన్న మాట అన్న మాటే. కానీ మాటిచ్చింది కొయ్య గురించి, నీ గురించి కాదు. రేపట్నుంచి చుక్కానికి పాటే దీవి మనిషిని పెట్టుకుంటా. దిగు."

రెండు వంతులు వాడివి. దిగడానికి కాలు ఎత్తాను.

"కూర్చో," అంది మీ నానమ్మ నాతో. "అన్నా, నా వంతు ఎక్కడుందో తెలుసా?"

"వంతుకి చోటేంటి? పడవ అంతా కలిపే."

"ఇకమీదట చోటుంది. వెనక భాగం నాది. ముందూ మధ్యా నువ్వుంచుకో. చుక్కాని నా దాంట్లో ఉంది. ఎవరు పట్టుకోవాలో నేను చెప్తా."

"అలా అయితే ఇంజనూ నీ దాంట్లోనే ఉంది!"

"ఉంది. నా దాంట్లో దూది కుక్కి నన్ను కాల్చబోయింది ఎవరు?"

రేవులో బస్తాలు మోసేవాళ్ళు పని ఆపి వింటున్నారు. వాళ్ళలో ఒకడు అరిచాడు: "ఫమావూ, లంగరు ముందు భాగంలోదేగా! చంకన పెట్టుకుని ఇంటికి పో!"

అందరూ నవ్వారు. ఫమావు ఒడ్డుకి దూకి వెళ్ళిపోయాడు.

మళ్ళీ వచ్చాడు, రాక ఏం చేస్తాడు? కన్నానికి కొత్త పలక వేసి, ఈసారి చల్లటి చెక్కలో దూది దూర్చి మూసేశాడు. పొగగొట్టాన్ని పలకలకి తగలకుండా నిలువుగా పైకి ఎత్తి కట్టాడు. నాతో మాత్రం మాట్లాడలేదు. ఇప్పటికీ మాట్లాడడు. చెప్పాల్సింది ఉంటే మీ నానమ్మకి చెప్తాడు, నేను పక్కనే ఉన్నా.

ఆ తర్వాత మొదటిసారి గాలి చాలక ఇంజనూ తెరచాపా రెండూ పెట్టి పోతున్నాం. గొట్టంలోంచి వచ్చిన మసి వెనక గాలికి నేరుగా తెల్లటి గుడ్డ మీదికే పోయింది. ముందు భాగంలో కూర్చున్న ఫమావు అది చూసి పళ్ళన్నీ బయటపెట్టాడు.

"మ్వానాతుమూ! మీ ఆయన గుడ్డ మాడిన చపాతీలా అయిందని చెప్పు!"

మీ నానమ్మ తెరచాప వంక చూసింది. పడవ మధ్యలో ఉన్న కొయ్య వంక చూసింది.

"అది నీ వంతులోనే ఉందన్నా," అంది. "ఉతుక్కో."