పొగగొట్టం లాగిన గాలి

భర్త సరస్సులో పడి పోయిన పదకొండో రోజున ఫోన్ చేసి, కొత్త పొయ్యి ఎప్పుడు వెలిగిస్తావని అడిగిన ఆడమనిషిని మాలకీ పొయ్యిలు బిగించే తన ముప్పై ఏళ్ల పనిలో ఎన్నడూ చూడలేదు.

పోయాడని అందరూ అనుకోవడమే. నీసా మొగుడు లార్కన్ శవం ఇంకా దొరకలేదు. చేపలకని వెళ్లిన మనిషి పడవ మాత్రం రీ సరస్సులో బోర్లాపడి తేలింది. కోర్టు వాయిదాకు సరిగ్గా మూడు రోజుల ముందు. లార్కన్ తాగి కారు నడిపి, సైకిల్ మీద డ్యూటీకి వెళ్తున్న ఒక నర్సును గుద్ది చంపిన కేసు అది. ఊళ్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. నీళ్లలో పోయినవాణ్ని ముందు ఒడ్డుకు చేర్చాలి, మిగతావన్నీ తర్వాత. పడవలున్నవాళ్లు పడవలు తీశారు. లేనివాళ్లు శాండ్‌విచ్‌లు, టీ ఫ్లాస్కులు మోసుకొచ్చారు. మాలకీ తమ్ముడు ఫర్గల్ గాలి సిలిండరు వీపుకు కట్టుకుని రోజూ నీళ్లలోకి దిగుతున్నాడు.

నిన్న అతని కాలు అడుగున పాత వలలో చిక్కుకుంది. పైకి లాగేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి.

"ఇవాళ్టికి మానరా," అన్నాడు మాలకీ, వ్యాను దిగుతూ ఫోన్లో.

"మానితే రేపు నీసా మొహం ఎట్లా చూడమంటావన్నా? రెండింటికి దిగుతున్నా. గాలి పెరిగేలోపు వచ్చేస్తా."

"అక్కడ వలలున్నాయి కదరా!"

"ఉంటే కోస్తా. నువ్వు పోయి పొయ్యి వెలిగించుకో, ముసలాడా."

నీసా తలుపు తీసింది. నల్ల స్వెట్టరు, వాచిన కళ్లు. ఏడ్చి వాచాయా, నిద్రలేక వాచాయా? ఆ ఆలోచన వచ్చినందుకు మాలకీకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఇల్లు మంచుగడ్డలా ఉంది మాలకీ. వచ్చేపోయేవాళ్లకి వేడిగా టీ అయినా ఇవ్వాలిగా," అంది.

పొయ్యి, దాని కడుపులోనే బాయిలరు. రెంటినీ పోయిన నెలలోనే గోడకు బిగించి వెళ్లాడు. ఇప్పుడు పెరట్లో ట్యాంకు వాల్వు తిప్పి, గొట్టంలోని గాలి బయటికి వదిలి, కిరసనాయిలు బర్నరుదాకా రప్పించాడు. రెండో ప్రయత్నంలో మంట గుప్పున అందుకుంది. పొగగొట్టానికి చిన్న బెజ్జం వేసి మీటరు గొట్టం దూర్చాడు. పొగగొట్టం గాలిని ఎంత బలంగా పైకి లాగుతోందో మీటరు ముల్లు చెబుతుంది. లాగకపోతే విషవాయువు ఇంట్లోకే తిరిగొస్తుంది.

"కిటికీలు, తలుపులు అన్నీ మూసే ఉన్నాయిగా?"

"అన్నీ."

"మేడ మీదవి కూడా?"

"అన్నీ అన్నానుగా."

ముల్లు కుదురుగా నిలబడింది. నీళ్లు వేడెక్కి, గదుల్ని వెచ్చబరిచే రేడియేటర్ల గొట్టాల్లో గుడగుడమన్నాయి.

"పైన రేడియేటర్లలో గాలి తీసేయాలి. ఓ నిమిషం వెళ్లొస్తా," అన్నాడు మాలకీ.

ఆమె మెట్లకు అడ్డంగా వచ్చింది. "నేనే తీసేశాను."

"వేడి నీళ్లు ఇప్పుడేగా ఎక్కుతున్నాయి. ఎప్పుడు తీశావ్?"

"పైకి ఎవరూ వెళ్లొద్దు. ఆయన బట్టలు ఎక్కడివక్కడే ఉన్నాయి. నన్ను బాధపెట్టకు మాలకీ."

అతను సిగ్గుపడి వెనక్కి తిరిగాడు. అప్పుడే ముల్లు సగానికి పడిపోయింది.

బయటి ఈదురుగాలికైతే ముల్లు గజగజ వణుకుతుంది. ఇది వణకలేదు. మెట్టు దిగినట్టు ఒక్కసారిగా దిగి, అక్కడే ఆగింది. నాలుగు నిమిషాల తర్వాత ఒక్కసారిగా లేచి పాత చోటికి వచ్చింది.

"ఎక్కడైనా ఫ్యాను నడుస్తోందా?"

"లేదు."

"ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?"

"ఎవరుంటారు? ఉన్న ఒక్కడూ నీళ్లలో ఉన్నాడు," అంది నీసా. గొంతు వణకలేదు.

పావుగంటకు ముల్లు మళ్లీ పడింది. మళ్లీ నాలుగు నిమిషాలే. పైన కిటికీ తెరిస్తే ఇంట్లోని గాలి అటు ఎగబాకుతుంది, పొగగొట్టానికి అందదు. పావుగంటకోసారి నాలుగు నిమిషాలు కిటికీ తెరుచుకునేది దేనికి? ఒక సిగరెట్టు కాలడానికి అంతే పడుతుంది. నీసాకు ఆ అలవాటు లేదు. లార్కన్ నోట్లో సిగరెట్టు లేకుండా ఎవరూ చూడలేదు.

గోడ గడియారంలో రెండుకు ఎనిమిది నిమిషాలుంది.

నిలదీస్తే ఒప్పుకోదు. పైకి పరుగెడితే గది తాళం వేసి ఉంటుంది. ఆ గొడవ తేలేలోపు ఫర్గల్ అడుగుకు చేరతాడు. మాలకీ సంచిలోంచి విషవాయువును పసిగట్టే చిన్న పెట్టె తీశాడు. ఆమెకు వీపు తిప్పి, దాని పరీక్ష బటన్ నొక్కాడు. ఇల్లు అదిరేలా కూత పెట్టింది.

"బయటికి నడు! పొగ వెనక్కి కొడుతోంది!" అని అరిచి, ఆమె చేయి పట్టుకుని పెరట్లోకి లాక్కొచ్చి తలుపు మూసేశాడు.

"పొయ్యి ఆపెయ్! వెళ్లి ఆపెయ్!" అంది ఆమె.

"ఇప్పుడు లోపలికెళ్తే నేనూ పోతా. ఆ వాయువుకు వాసనుండదు, కనపడదు. మెట్ల మీదుగా పైకెక్కి గదుల్లో నిండుతుంది. నిద్రొచ్చినట్టుంటుందంతే. అరగంట ఆగుదాం. లోపల ఎవరూ లేరుగా, భయమేముంది?"

ఆమె మేడకేసి చూసింది. పెదవి కొరుక్కుంది. మాలకీ మనసులో పది దాకా లెక్కపెట్టాడు. ఒకవేళ తనదే పొరపాటైతే? మొగుడు పోయిన ఆడదాన్ని ఇంతలా ఏడిపించినవాణ్ని ఈ ఊరు జన్మలో క్షమించదు.

"లార్కన్!" నీసా గొంతు చించుకుని అరిచింది. "లార్కన్, దూకెయ్! విషవాయువు!"

పైన కిటికీ దడాలున తెరుచుకుంది. పదకొండు రోజుల గడ్డంతో, వేళ్ల మధ్య అప్పుడే వెలిగించిన సిగరెట్టుతో లార్కన్ తల బయటికి వచ్చింది.

"దూకక్కర్లేదు. పొయ్యి బ్రహ్మాండంగా ఉంది. మెట్ల మీదుగానే దిగు," అన్నాడు మాలకీ. అప్పటికే ఫర్గల్ నంబరు నొక్కాడు.

లార్కన్ మేజోళ్లతో గడపలోకి దిగొచ్చేసరికి అవతల ఫోన్ ఎత్తారు. ఫర్గల్ కాదు, అతని నడుముకు కట్టిన తాడు పట్టుకుని పడవలో ఉన్న టైగ్. "గాలి పెరుగుతోందని నీ తమ్ముడు ముందే దిగాడు, నాలుగు నిమిషాలైంది. ఏంటి సంగతి?"

"పైకి లాగు."

"శవం దొరికిందా ఏంటి?"

"దొరికింది. నా ఎదురుగా మేజోళ్లేసుకుని నిలబడింది. లాగు తాడు!"

ఫోన్లో గాలి హోరు, టైగ్ రొప్పు. "రావట్లేదు. ఎక్కడో పట్టేసింది."

లార్కన్ గడపలో నిలబడి వింటున్నాడు. "నేనెవర్నీ దిగమనలేదు," అన్నాడు నెమ్మదిగా. నీసా అతని చెంప పగలగొట్టింది.

"వస్తోంది... వస్తోంది," అన్నాడు టైగ్. తర్వాత నీళ్ల చప్పుడు, దగ్గు, ఫర్గల్ బూతులు. "ఎవడ్రా నన్ను చేపను లాగినట్టు లాగింది? అన్నా? ఏమైంది? పొయ్యి పేలిందా?"

మాలకీ గడప దగ్గరికి నడిచాడు. ఫోన్ లార్కన్ చేతిలో పెట్టాడు.

"హలో? ఎవరది?" అన్నాడు ఫర్గల్. వెనక పడవల్లోని మనుషులందరూ గట్టిగా మాట్లాడుకుంటున్నారు. "ఒరేయ్, ఉండండ్రా, వినపడట్లేదు. ఎవరు మాట్లాడేది?"

లార్కన్ సిగరెట్టు కింద పడేశాడు.

"నేను," అన్నాడు.