లేని సినిమాకు బొమ్మలు

రుహీ శ్రీ సిటీలోని ఒక ఫ్యాక్టరీలో విడిభాగాలు తనిఖీ చేసేది. శ్రీకాళహస్తి నుంచి కంపెనీ బస్సులో రానూపోనూ మూడు గంటలు. ఆ బస్సులోనే ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని రెండేళ్లలో ఏడు సంగీతం ముక్కలు తయారు చేసింది. వాటిలో మాటలు లేవు. సింథసైజర్ స్వరాలు మెల్లగా సాగుతుంటే అడుగున యంత్రాల హోరు, రైళ్ల చప్పుడు వినబడేవి. ఎవరూ తీయని ఒక సినిమాకు నేపథ్య సంగీతమని చెప్పేది. కథేమిటని అడిగితే మాత్రం నవ్వి ఊరుకునేది.

ఇంటర్నెట్‌లో పెట్టడానికి ముఖచిత్రం కావలసి వచ్చింది. పక్కవీధిలో ముప్పై ఏళ్లుగా కలంకారీ వేస్తున్న పంకజాక్షి దగ్గరికి వెళ్లి, గుడ్డ మీద ఏదైనా గీసిమ్మని అడిగింది.

"కథ లేకుండా నాకు గీత పడదు పాపా. ఎవురు, యాడికి పోతాండారు, అది తెలియాల కదా" అంది పంకజాక్షి.

రుహీ కథ చెప్పలేదు. ఏడు ముక్కలూ పంకజాక్షి ఫోన్‌లోకి ఎక్కించి, విని తోచింది వేయమంది.

మొదటిరోజు పంకజాక్షి అయిదు నిమిషాలకే ఇయర్‌ఫోన్లు తీసేసింది. రైస్‌మిల్లు పక్కన నిలబడినట్టుందని కోడలితో చెప్పింది. తర్వాత పని చేసుకుంటూ వినడం అలవాటైంది. నాలుగోరోజు ఒక చీర అంచు దిద్దుతుండగా మూడో ముక్క దగ్గర చెయ్యి ఆగిపోయింది. చీర పక్కన పెట్టి, కొత్త గుడ్డ పరిచి చింతబొగ్గుతో గీయడం మొదలుపెట్టింది.

రెండు వారాల తర్వాత, సెలవురోజున రుహీ వెళ్లి చూసింది. గుడ్డ మీద ఏడు గడులు. ఫ్యాక్టరీ తెల్లటోపీ పెట్టుకుని బస్సెక్కే అమ్మాయి, నీళ్లు లేని స్వర్ణముఖి ఇసుక, రైల్వే ప్లాట్‌ఫారం, అక్కడ కూర్చుని ఎదురుచూసే అదే అమ్మాయి. ఆఖరి గడిలో ఆ అమ్మాయే రైలెక్కి పోతోంది.

రుహీ ఆఖరి గడి మీద వేలు పెట్టింది. ఆమెకు పన్నెండేళ్లప్పుడు తండ్రి దావూద్ కువైట్ వెళ్లాడు. మొదట్లో సెలవులకు వచ్చేవాడు. రుహీ అమ్మతో కలిసి గూడూరు స్టేషన్‌కు వెళ్లి తీసుకొచ్చేది. తర్వాత రావడం మానేశాడు, ఫోన్లూ ఆగిపోయాయి. ఆమె సినిమాలో ఏడో ముక్క దగ్గర ఆయన రైలు దిగాలి. ఆ సంగతి మొదటిసారి పంకజాక్షికి చెప్పింది.

"ఆఖర్లో మా అబ్బా దిగాలక్కా."

"నేను ఎన్నిసార్లో విన్నా రుహీ. ఆడ ఎవురూ దిగలే. బండి కదిలిపోయే సద్దే ఉండాది."

రుహీ అక్కడే కూర్చుని ఏడో ముక్క మళ్లీ విన్నది. పంకజాక్షి చెప్పింది నిజమే. రైలు వచ్చి ఆగే చప్పుడు మూడుసార్లు కలిపి, అతకలేదని మూడుసార్లూ తనే తీసేసింది. అప్పుడు అది స్వరాల ఇబ్బంది అనుకుంది. కళ్లు తుడుచుకుని ఇయర్‌ఫోన్లు తీసింది.

"ఆ గడి మళ్లా గీస్తాలే, ఆయన్ని దించుతా" అంది పంకజాక్షి నెమ్మదిగా.

వద్దని, అలాగే ఉండనీయమని రుహీ అంది. ఇంటికి వెళ్లి ఏడో ముక్కకు పెట్టుకున్న 'రాక' అనే పేరు తీసేసి 'గూడూరు జంక్షన్' అని రాసింది. ఆ రాత్రి అన్నం తింటూ అమ్మ బషీరాకు మొత్తం వినిపించింది. బషీరా చివరిదాకా విని, ఇంకో ముద్ద కలుపుకుంది. బాగుందని మాత్రం అంది.

ముఖచిత్రంతో పాటు సంగీతం ఇంటర్నెట్‌లోకి వెళ్లింది. నాలుగైదు వందలమంది విన్నారు. ఈ సినిమా ఎక్కడ దొరుకుతుందని కొందరు రాశారు. అది లేదని రుహీ ఓపికగా జవాబిచ్చింది.

పంకజాక్షి అదే బొమ్మను ఇంకో గుడ్డ మీద వేసి ఇంటిముందు వేలాడదీసింది. ఆగి చూసినవాళ్లకు ఏడు గడుల కథా చెప్పేది. ఒక సాయంత్రం బస్సు దిగి వస్తూ రుహీ కూడా నిలబడి విన్నది. ఆ అమ్మాయి ఎక్కడ దిగిందని ఎవరో అడిగితే, చెన్నైలో దిగిందనీ, అక్కడ ఆమెకు తెలిసినవాళ్లు ఉన్నారనీ పంకజాక్షి తడుముకోకుండా చెప్పింది.