పన్ను పడని జీతం

కరోనా రోజులు. దేవరకొండ దిక్కు ఒక దవాఖానల, కరోనాతో పోయిన ముసలాయన శవాన్ని ఎత్తమంటే వార్డుబాయ్ లింగస్వామి కదల్లేదు. చేతులకు గ్లౌజులు గూడ లేవు, ఇంట్ల చంటిపిల్ల ఉన్నది. శవం దిక్కు పోయే పనే లేని సూపర్‌వైజర్ రఘుపతి మాత్రం, ఉన్న ఒక్క పీపీఈ కిట్టు తొడుక్కొని కుర్చీల కూసున్నడు.

"ఏందిర? సర్కారు మనసొంటోళ్లకు ఇన్‌కం టాక్స్ మాఫీ చేస్తదట. ఇంకేం గావాలె నీకు?"

"నా జీతం పన్ను పడేటంత ఎప్పుడున్నది సారూ? గా మాఫీ మీరే ఉంచుకోండ్రి. గా కిట్టు నాకియ్యుండ్రి."

"తీసేస్త బిడ్డా! రేపటిసంది రాకు."

"రాను. మరి గీ శవాన్ని మీరే ఎత్తుండ్రి."

ముసలాయన కొడుకులు గేటు అవతలనే నిలబడి చూస్తున్నరు, ఒక్కడు లోపలికి రాలేదు. రఘుపతి వాళ్ల దిక్కు చూసిండు, శవం దిక్కు చూసిండు. గొణుక్కుంట గొంతుకాడి కిట్టు జిప్పు కిందికి గుంజిండు.